పెట్టె మీద చిన్నక్షరాలు

"మీ తేదీ ఏంటి?" అనడిగాడు పెద్దాయన.

పుట్టినరోజు అడుగుతున్నాడేమో అనుకున్నాను. పిట్స్‌బర్గ్ శివార్లలో ఒక చర్చి కింది హాల్లో, మడత బల్లల మీద పరిచిన పాత బొమ్మ రైళ్ళ మధ్య నిలబడి ఉన్నాం ఇద్దరం. నా చేతిలో ఒక ప్లాస్టిక్ సంచీ, అందులో పదకొండు గూడ్సు పెట్టెలు. అన్నీ కలిపి నలభై డాలర్లు. మా వాడికి అప్పుడు ఏడేళ్ళు, రైలంటే ప్రాణం. ఆ నలభై డాలర్లతో వాడి పుట్టినరోజు గండం గట్టెక్కుతుందని నా లెక్క.

"ఏ కంపెనీ రైలు అని కాదు, ఏ ఏడాది? వీలైతే ఏ నెల?" అన్నాడాయన మళ్ళీ. రిటైరైన స్కూలు మాస్టారు. సంచీలోంచి ఒక్కో పెట్టె తీసి, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, ముక్కుకి ఆనించుకుని చదివి బల్ల మీద పెడుతున్నాడు. "ఈ పదకొండూ ఒకే రైల్లో ఎప్పుడూ నడిచి ఉండవు. వీటిల్లో మూడు పుట్టేసరికి నాలుగు తుక్కు కింద పోయాయి."

నాకు నవ్వొచ్చింది. బొమ్మలే కదండీ అనబోయి ఊరుకున్నాను. ఆయన మొహంలో నవ్వు లేదు.

మూడు నెలలకి మా వాడు మైన్‌క్రాఫ్ట్‌లోకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ సంచీ దగ్గరే ఉండిపోయాను. ఇది జరిగి తొమ్మిదేళ్ళు.

బాక్స్‌కార్ అంటే పెద్ద విశేషమేం లేదు. నాలుగు వైపులా మూసేసి, పక్కకి జరిగే తలుపు పెట్టిన సరుకు పెట్టె. మన దగ్గర వెనకటి రోజుల్లో నాలుక్కాల కవర్డ్ వ్యాగన్ ఉండేదే, దానికి అమెరికా అన్నయ్య. పొడుగెక్కువ, కింద నాలుగుకి బదులు ఎనిమిది చక్రాలు. ధాన్యం, కాగితం, డబ్బాల్లో పెట్టిన టమాటాలు, టైర్లు, కుర్చీలు, ఇరవయ్యో శతాబ్దం సగం దాకా ఈ దేశంలో ఏది ఎక్కడికి వెళ్ళాలన్నా ఇందులోనే ఎక్కువ వెళ్ళింది. హెచ్‌ఓ స్కేలు బొమ్మ అంటే అసలు దాంట్లో ఎనభై ఏడో వంతు. నలభై అడుగుల పెట్టె పద్నాలుగు సెంటీమీటర్లవుతుంది. అరచేతిలో పడుతుంది.

ఆ అరచేతిలో ఉన్నది నిజంగా ఉండేదా, ఉంటే ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉండేది, అలాంటిది అసలు ఎలా ఉండేది అని తేల్చుకోవడమే ఈ పిచ్చి. రైలు నడపడం తరవాతి సంగతి. నిజం చెప్పాలంటే మా బేస్‌మెంట్‌లో రైలు నడిచేది నెలకోసారి. మిగతా రోజులన్నీ భూతద్దం, పాత ఫోటోలు, నేను.

పెద్దాయన సలహా మీద 1956 అక్టోబర్ పెట్టుకున్నాను. ఆవిరి ఇంజన్లు ఇంకా పోలేదు, డీజిల్ ఇంజన్లు అప్పటికే వచ్చేశాయి, రెండూ పెట్టుకోవచ్చు. ఇంకో పది రోజులాగితే ఆంధ్రప్రదేశ్ పుడుతుంది కదా అని నాకు నేనే నవ్వుకున్న కారణం ఇంకోటుంది. అది ఆయనకి చెప్పలేదు.

తేదీ పెట్టుకున్నాక సంచీ ఖాళీ అవడం మొదలైంది. మా వాడికి అన్నిటికన్నా నచ్చిన పసుప్పచ్చ పెట్టె రైల్‌బాక్స్ వాళ్ళది. ఆ కంపెనీయే 1974లో పుట్టింది. అవుట్. ఆకుపచ్చది పెన్ సెంట్రల్. రెండు మహా సంస్థలు, పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్, 1968 ఫిబ్రవరిలో కలిసిపోయి, రెండున్నరేళ్ళు తిరక్కుండానే దివాలా తీశాయి. అదీ అవుట్. ఇంకోదాని మీద పేరు 1940ల నాటిది, రంగు కూడా సరైనదే, కానీ పైకప్పు బోసిగా ఉంది. కప్పు మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా సన్నని నడకబాట ఉండాలి, లేదు.

ఆ నడకబాట గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎయిర్ బ్రేకు అన్ని బళ్ళకీ రాకముందు, డ్రైవరు కూత వేయగానే బ్రేక్‌మన్ అనే మనిషి కదులుతున్న రైలు మీద, పెట్టె మీంచి పెట్టె మీదకి దూకుతూ, ఒక్కోదాని చక్రం తిప్పి బ్రేకు బిగించేవాడట. వానలో, మంచులో, రాత్రిళ్ళు. ఎంతమంది పడిపోయారో. 1893లో చట్టం వచ్చి ఎయిర్ బ్రేకు తప్పనిసరి చేశారు. ఆ బ్రేకు కనిపెట్టిన వెస్టింగ్‌హౌస్ కార్ఖానా మా ఇంటి నుంచి కారులో ఇరవై నిమిషాలు, విల్మర్డింగ్‌లో. అయినా నడకబాటలు మాత్రం అలాగే ఉండిపోయాయి. 1966 తరవాత కట్టిన కొత్త పెట్టెలకి గానీ అక్కర్లేదనలేదు. అంటే 1956లో కప్పు బోసిగా ఉన్న మామూలు బాక్స్‌కార్ ఉండకూడదు. దాని మీద నడిచిన మనుషులు ఇంకా బతికే ఉన్నారప్పటికి.

ఇదంతా నాకు కొత్తగా అనిపించాలి. అనిపించలేదు. ఎందుకంటే మా నాన్న టీఎక్స్‌ఆర్.

ట్రెయిన్ ఎగ్జామినర్. విజయవాడ యార్డు. మేం సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. పొడుగు కర్ర ఉన్న సుత్తి, టార్చి, సుద్దముక్క, ఇవీ ఆయన ఆయుధాలు. బండి ఆగగానే పక్కన నడుచుకుంటూ పోయి చక్రాలు కొట్టి చూసేవాడు. మోత ఖంగుమంటే మంచిది, బొంగురు పోయిందంటే పగులు. బాగోలేని వ్యాగన్ మీద సుద్దతో 'సిక్' అని రాస్తే దాన్ని విడదీసి సిక్ లైన్‌లోకి నెట్టేవాళ్ళు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా "దీన్ని సిక్ లైన్‌లో పెట్టండ్రా" అనేవాడు. పిల్లలకి మంచం, బార్లీ నీళ్ళు.

ఆయనతో ఎప్పుడైనా ప్లాట్‌ఫారం మీద నిలబడితే, దాటిపోతున్న గూడ్సు పెట్టెల మీద నేను పెద్దక్షరాలు చదివేదాన్ని. ఎస్‌సీ అంటే మనది, ఈఆర్ కలకత్తా, డబ్ల్యుఆర్ బొంబాయి. నాన్న వాటివంక చూసేవాడు కాదు. "పేరుదేముందే, ఎవడైనా పెడతాడు. కింద చిన్నక్షరాలు చూడు" అనేవాడు. ఖాళీ బరువెంత, ఎంత మొయ్యగలదు, ఆఖరిసారి పీఓహెచ్ ఎప్పుడు, ఏ వర్క్‌షాపులో. పీఓహెచ్ అంటే కొన్నేళ్ళకోసారి వ్యాగన్ని విప్పి చేసే పూర్తి మరమ్మత్తు. కదిలే బండి మీద ఆ అక్షరాలు ఆయనకెలా కనపడేవో నాకిప్పటికీ తెలీదు.

కాబట్టి ఆ చర్చి హాల్లో పెద్దాయన పెట్టెని ముక్కుకి ఆనించుకుని చదువుతుంటే నేనెందుకు కదల్లేకపోయానో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

అమెరికా బాక్స్‌కార్ మీదా అంతే. పెద్దక్షరాలు కంపెనీ గొప్ప, చిన్నక్షరాలు పెట్టె జాతకం. ఎడమ పక్క నంబరు కింద మోయగల బరువు, ఖాళీ బరువు, దాని పక్కన ఒక స్టేషను గుర్తూ నెలా ఏడాదీ. రైల్వే సరుక్కి బరువుని బట్టి డబ్బు తీసుకుంటుంది కాబట్టి ఖాళీ పెట్టె బరువు కచ్చితంగా తెలియాలి. చెక్క నీళ్ళు తాగుతుంది, మరమ్మతుల్లో ఇనుము చేరుతుంది, బరువు మారుతుంది. అందుకని కొన్నేళ్ళకోసారి మళ్ళీ తూచి, పాతది చెరిపి కొత్తది రాసేవాళ్ళు, ఎక్కడ తూచారో, ఎప్పుడు తూచారో. కొత్త పెట్టె అయితే స్టేషను గుర్తు బదులు 'న్యూ' అని ఉంటుంది. కుడి పక్క కొలతల కింద, కట్టిన నెల.

ఈ తేదీలన్నీ జరిగిపోయినవి. అది గుర్తుపెట్టుకోండి, తరవాత పనుంది. పెట్టె మీద ఏ తేదీ కనపడితే ఆ ఫోటో ఆ తేదీ తరవాతదే. ఈ ఒక్క సూత్రంతో నేను కొన్ని వందల పాత ఫోటోలకి కాలం కట్టాను.

సూత్రం తెలిసీ బోల్తా పడ్డ సందర్భం ఉంది. బోస్టన్ అండ్ మెయిన్ వాళ్ళ నీలం పెట్టె ఒకటి కొన్నాను, చూడ చక్కనిది, నలుపూ తెలుపూ అక్షరాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మెక్‌గిన్నిస్ అనే ఆయన 1956లో ఆ కంపెనీ పగ్గాలు పట్టుకున్నాడు, ఆ నీలం ఆయన హయాందే. నా ఏడాదికి అతికినట్టు సరిపోయిందని మురిసిపోయి రెండేళ్ళు నడిపాను. ఒకరోజు దుమ్ము తుడుస్తుంటే కుడి పక్క మూలన, బియ్యపు గింజలో సగమంత అక్షరాల్లో 3-57. పుట్టడానికి అయిదు నెలల ముందునుంచే నా పట్టాల మీద తిరుగుతోంది. అప్పుడు నాన్న ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు.

ఇంతకీ ఈ తేదీలు సులువు. అసలు కష్టం ఒంటిది. బొమ్మలు చేసేవాళ్ళకి ఒక అచ్చు పొయ్యాలంటే బోలెడు ఖర్చు, కాబట్టి వెనకటి రోజుల్లో ఒకే పెట్టె ఒంటికి ఇరవై ముప్ఫై కంపెనీల పేర్లు వేసి అమ్మేవాళ్ళు. తప్పేం కాదు, పిల్లల బొమ్మలవి. కానీ నిజంగా ఆ కంపెనీ దగ్గర అలాంటి పెట్టె ఉండేదా? నా సంచీలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ పెట్టె ఒకటుంది. దాని మీద తరగతి గుర్తు ఎక్స్29 అని ఉంది. ఎక్స్29 అనేది 1924 నుంచి ఆ కంపెనీ వేలకి వేలు కట్టిన ఉక్కు పెట్టె. పొట్టిది. లోపల ఎత్తు ఎనిమిది అడుగుల ఏడంగుళాలే. నా బొమ్మ ఒళ్ళేమో యుద్ధం తరవాత కట్టిన పదిన్నర అడుగుల రకం. తేడా దాదాపు రెండడుగులు, అంటే బొమ్మలో ఏడు మిల్లీమీటర్ల లోపు.

ఏడు మిల్లీమీటర్లకి ఇంత గొడవా అని మా ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడాయనకి 1950ల నాటి గూడ్సు బండి ఫోటో ఒకటి చూపించాను, దూరంగా కొండమీంచి తీసింది. పైకప్పుల గీత చూడమన్నాను. ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, పలకపళ్ళు, పాలపళ్ళు కలిసిన పిల్లాడి నోరులాగా. 1920ల పొట్టి పెట్టె పక్కన 1937 నాటి ప్రామాణిక పెట్టె, దాని పక్కన 1947 నుంచి పుల్‌మన్-స్టాండర్డ్ వాళ్ళు దించిన పీఎస్-1. మూడు తరాలు ఒకే బండిలో. బొమ్మల పెట్టెలన్నీ ఒకే అచ్చులో పోసినవైతే ఆ గీత తిన్నగా ఉంటుంది. చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో అబద్ధంగా ఉందని తెలుస్తుంది. "ఓహో" అని ఆయన టీవీ దగ్గరికి వెళ్ళిపోయాడు. కానీ పోతూ పోతూ ఫోటో ఇంకోసారి చూశాడు.

ఒళ్ళు పోల్చడం ఒక విద్య. పక్కగోడలో రివెట్ల వరసలు లెక్కపెట్టాలి, తలుపుకి ఇటు అయిదు పలకలా ఆరా అని. చివరిగోడ ముడతలు చూడాలి. 1940ల నడిమి నుంచి వచ్చిన రకంలో ముడతలు మధ్యలో లావుగా, చివర్లు సన్నగా, అచ్చం అప్పడాల కర్రల్లా ఉంటాయి. విచిత్రమేంటంటే ఇక్కడివాళ్ళూ వాటిని ఆ పేరుతోనే పిలుస్తారు. తలుపు ముడతలుదా, పలకలుదా. తిరగేసి కింద చూడాలి. పాత కే బ్రేకైతే సిలిండరూ గాలితొట్టీ కలిసి ఒకే ముద్ద, 1933 నుంచి వచ్చిన ఏబీ బ్రేకైతే మూడు ముక్కలు విడివిడిగా. 1953 తరవాత కే బ్రేకు పెట్టెని వేరే కంపెనీ పట్టాల మీదకి రానివ్వలేదు. కాబట్టి నా 1956లో పరాయి కంపెనీ పెట్టె పొట్టకింద ఒకే ముద్ద కనపడిందంటే అది దొంగ.

అన్నీ తేలాక రిజిస్టర్ తియ్యాలి. అఫీషియల్ రైల్వే ఎక్విప్‌మెంట్ రిజిస్టర్ అని, అమెరికాలో ప్రతి రైల్వే తన దగ్గర ఏ నంబర్ల మధ్య ఏ కొలతల పెట్టెలు ఎన్నున్నాయో అచ్చేసిన లావుపాటి పుస్తకం. అప్పటి టెలిఫోన్ డైరెక్టరీలాంటిది. నా దగ్గర 1950ల సంచిక ఒకదాని స్కాన్ ఉంది. రాత్రి పదకొండింటికి, పిల్లాడు పడుకున్నాక, అందులో ఒక నంబరు వెతుక్కుని, ఆ వరసలో ఎన్ని పెట్టెలు మిగిలాయో చూస్తే కలిగే తృప్తిని ఎలా చెప్పాలి? చనిపోయినవాళ్ళ చిరునామా సరిగ్గా దొరికినట్టుంటుంది.

ఆ పుస్తకం నాకు చేసిన మేలూ కీడూ ఒకటే. రంగు పోగొట్టింది. బొమ్మల కొట్లో కనపడేవన్నీ రంగురంగుల పెట్టెలు. న్యూయార్క్ సెంట్రల్ వాళ్ళ ఎరుపూ బూడిదరంగూ పేస్‌మేకర్, బంగాళదుంపల ఊరి నుంచి వచ్చే ఎరుపూ తెలుపూ నీలం స్టేట్ ఆఫ్ మెయిన్. అవి నిజంగానే ఉండేవి. కానీ లెక్క చూస్తే నూటికి తొంభైకి పైగా జేగురు రంగే. తుప్పులోంచి తీసిన రంగు తుప్పుని దాచడానికి. పైగా ఈ పెట్టెలు దేశమంతా తిరుగుతాయి, ఎవరి పట్టాల మీద ఎవరివైనా ఉంటాయి, మన దగ్గర ఈఆర్, డబ్ల్యుఆర్ వ్యాగన్లు విజయవాడలో తిరిగినట్టే. కాబట్టి పిట్స్‌బర్గ్ దగ్గర నిజమైన బండి కావాలంటే పెద్ద కంపెనీల మామూలు జేగురు పెట్టెలు డజన్ల కొద్దీ కావాలి, అందమైనవి ఒకటో రెండో. పెన్సిల్వేనియా వాళ్ళు 1954లో కొత్త గుర్తు తెచ్చారు కదా అని అన్నీ కొత్త గుర్తువే పెడితే అదీ తప్పే. రంగు కొట్టే వంతు వచ్చేదాకా పాతది పాతగుర్తుతోనే తిరుగుతుంది. కొత్త చట్టం వచ్చిన మర్నాడే ఊళ్ళు మారిపోవు కదా.

చూడటానికి వచ్చిన స్నేహితులు "అన్నీ ఒకేలా ఉన్నాయేంటి?" అంటారు. రెండు ఒకేలాంటివి ఉంటే చూపించండి అంటాను.

ఇంత చాదస్తం అక్కర్లేదనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళూ చిన్నవాళ్ళేం కాదు. అలెన్ మెక్‌లెలండ్ అని వర్జీనియన్ అండ్ ఒహయో అనే ఊహా రైల్వే కట్టి పేరు తెచ్చుకున్నాయన, 'సరిపడినంత మంచిది చాలు' అనేది సిద్ధాంతంగా పెట్టుకున్నాడు. మూడడుగుల దూరం నుంచి కనపడని తేడా కోసం జీవితం ధారపొయ్యొద్దు, బండి మొత్తం నమ్మించగలిగితే చాలు అని. ఇంకో వర్గం రిచర్డ్ హెండ్రిక్సన్‌లాంటి వాళ్ళది. ఆవిరి కాలపు గూడ్సు పెట్టెల గురించి ఆయనకి తెలిసినంత కొద్దిమందికే తెలుసు, ఒక్క పెట్టె కోసం ఎన్నో ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసే రకం. నాకు మొదటాయన మాట న్యాయంగా అనిపిస్తుంది, చేతులు మాత్రం రెండో ఆయన దారిలో వెళ్తాయి.

ఇక్కడిదాకా ఇది కాలక్షేపమే. ఎవరికీ నష్టం లేదు.

నాన్న 2016లో పోయాడు. మూడేళ్ళ తరవాత ఆయనతో యార్డులో పనిచేసిన బాబాయి ఒకరు అమ్మని చూడటానికి వచ్చి, పాత సామాన్లలో దొరికిందని ఒక ఫోటో ఇచ్చాడు. నలుపూ తెలుపూ, పోస్టు కార్డులో సగం. నాన్న ఖాకీ చొక్కాలో, చంకలో పసిబిడ్డ. బిడ్డ మొహం నాన్న భుజానికి తిరిగి ఉంది. కనపడేది తల వెనక భాగం, ముడతలు పడ్డ జుబ్బా, గాల్లో ఊగుతున్న ఒక చిన్న పాదం. వెనక కవర్డ్ వ్యాగన్.

నాకంటే ముందు అమ్మకి ఒక మగపిల్లవాడు పుట్టాడు. 1977 ఫిబ్రవరిలో. పదహారు నెలలు బతికాడు. వాంతులు, విరోచనాలు, రెండు రోజుల్లో అయిపోయింది. నాన్న అప్పుడు డ్యూటీలో ఉన్నాడు, కబురు అందేసరికి ఆలస్యమైంది. ఆ సంగతి మా ఇంట్లో అంతకుమించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. వాడి ఫోటో ఒక్కటీ లేదు. తీయిద్దాం తీయిద్దాం అనుకుంటూ ఉండగానే.

అమ్మ ఆ ఫోటో చూస్తూనే "పెద్దాడు" అంది. "ఉప్పెన వచ్చిన మర్నెల మీ నాన్న వాణ్ణి యార్డు చూపిస్తానని ఎత్తుకెళ్ళాడు. ఆ జుబ్బా నేను కుట్టిందే." దివిసీమ ఉప్పెన 1977 నవంబర్. అంటే బిడ్డకి పది నెలలు. సరిపోయింది. ఫ్రేము కట్టించి దేవుడి గదిలో పెట్టుకుంది. నలభై ఏళ్ళ తరవాత ఆవిడకి ఒక పటం దొరికింది, రోజూ పూలు పెడుతుంది.

పోయినేడాది వెళ్ళినప్పుడు, పాడైపోతుందేమోనని ఆ ఫోటో ఫ్రేములోంచి తీసి, తెలిసినవాళ్ళ స్టూడియోలో బాగా ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేయించాను. తిరిగొచ్చాక ఒక రాత్రి కంప్యూటర్లో తెరిచాను. పెద్దది చేశాను. ప్రమాణపూర్తిగా చెప్తున్నాను, నేను చూడాలనుకున్నది నాన్న మొహమే. అలవాటు చొప్పున నా కన్ను వ్యాగన్ మీదకి పోయింది. ఎస్‌సీ. దాని కింద నంబరు, సగం నాన్న భుజం వెనక. ఇంకా కింద, కుడివైపు, చిన్నక్షరాలు. పై వరస మొత్తం భుజం కమ్మేసింది. కింది వరసలో చివరి మూడు అంకెలు స్పష్టంగా ఉన్నాయి.

2-81.

తేదీ కనపడితే ఫోటో ఆ తేదీ తరవాతదే. 1981 ఫిబ్రవరికి అన్నయ్య పోయి రెండున్నరేళ్ళు దాటింది. నేను 1980 ఆగస్టులో పుట్టాను. ఆ పాదం నాది.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి చెప్తాను. మొదట కలిగింది సంతోషం. నాన్న నన్ను ఎత్తుకున్న ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదు. పోయిన బిడ్డ భయంతో నన్ను ఎక్కువ ముట్టుకునేవాడు కాదని మా మేనత్త ఒకసారి అంది, ఆ మాట నాలో ఉండిపోయింది. ఇప్పుడు సాక్ష్యం దొరికింది, తేదీతో సహా. ఆ తరవాత దేవుడి గది గుర్తొచ్చింది. జుబ్బా గురించి అమ్మ చెప్పింది నిజమే అయ్యుంటుంది, అన్నయ్య బట్టలే నాకూ తొడిగారని ఆవిడే ఎన్నోసార్లు చెప్పింది.

నాలుగో రోజు ఆ బాబాయికి ఫోన్ చేశాను. ఫోటో సంగతి చెప్పకుండా, ఊరికే, ఆ రోజుల్లో వ్యాగన్ల మీద తేదీలెలా రాసేవాళ్ళు అనడిగాను. ఎనభై ఏళ్ళు దాటాయి ఆయనకి, గొంతులో ఒక్కసారిగా యార్డు వినపడింది.

"రెండుంటాయి అమ్మాయ్. పీఓహెచ్ చేసిన తేదీ ఒకటి, రిటర్న్ తేదీ ఒకటి."

"రిటర్న్ అంటే?"

"మళ్ళీ వర్క్‌షాపుకి ఎప్పుడు రావాలో అది. ముందే రాసేస్తాం. ఆ తేదీ దాటిందంటే ఇంక లోడింగుకి వెళ్ళనివ్వం. మీ నాన్న ముందర చూసేది అదే కదా."

"రెండిటికీ మధ్య ఎంతుండేది?"

"నాలుక్కాల బండికా? అటూ ఇటుగా నాలుగేళ్ళనుకో."

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. సిగ్నల్ పోయిందనుకుని ఆయన "హలో, హలో" అంటున్నాడు.

తొమ్మిదేళ్ళుగా నేను చదివిన పెట్టెల మీద ఉన్నవన్నీ జరిగిపోయిన తేదీలు. జరగబోయే తేదీ పెట్టె మీద రాసుకునే రైల్వే ఒకటుందని, నేను పుట్టి పెరిగింది ఆ రైల్వే క్వార్టర్స్‌లోనే అని, నాకు తట్టనే లేదు. 2-81 రిటర్న్ తేదీ అయితే, ఆ వ్యాగన్ వర్క్‌షాపు నుంచి బయటికొచ్చింది 1977లో. కొత్త రంగుతో, ఉప్పెన వచ్చిన ఏడాదిలో. అప్పుడు చంకలో ఉన్నది అన్నయ్యే. అది పీఓహెచ్ తేదీ అయితే నేను.

"ఏది పైన రాస్తారు బాబాయ్, ఏది కింద?" అనడిగాను.

"ఒక్కో షాపువాడు ఒక్కోలా చేసేవాడమ్మా. ముందు పేరు ఉంటుందిగా, అది చూసుకోవాలి."

ఆ ముందు పేరు నాన్న భుజం వెనక ఉంది.

ఫోటో తీసింది మీరేనా అనడిగాను చివరికి. తనే అన్నాడు, కెమెరా గార్డుది అన్నాడు. ఎప్పుడో గుర్తుందా అంటే, "మీ నాన్నకి పిల్లల్ని యార్డుకి తేవడం అలవాటే" అన్నాడు.

నా చేతిలో ఉన్న పనిముట్లన్నీ వాడాను. వ్యాగన్ రకం చూశాను, రెండు కాలాల్లోనూ తిరిగిందే. కాంట్రాస్టు పెంచాను, తగ్గించాను. భుజం అంచున, పై వరసలో, ఒక అంకె తోక కనపడినట్టుంటుంది. ఏడు తోకో, ఒకటి తోకో. ఇంకొంచెం పెద్దది చేస్తే అంకె పోయి చుక్కలు మిగులుతాయి. ఎవరిదో తెలియని బాక్స్‌కార్ ఫోటో అయితే ఈపాటికి తేలలేదని రాసుకుని పక్కన పెట్టేసేదాన్ని. నా డబ్బాలో అలాంటివి నలభై దాకా ఉన్నాయి.

పోయిన ఆదివారం అమ్మ వీడియో కాల్‌లో ఉంది. వెనకాల దేవుడి గది తలుపు తీసే ఉంది, పటం మీద కనకాంబరాలు.

"స్కాను చేయించావు కదే, దాన్ని కొంచెం పెద్దది చేయించి పంపిస్తావా? నా కళ్ళకి ఆనట్లేదు" అంది.

"అలాగేమ్మా."

"వాణ్ణీ మీ నాన్ననీ ఉంచి, వెనకాల ఆ గూడ్సు పెట్టె తీసేయించు. అదెందుకు మధ్యలో."

సరే అన్నాను. ఫైలు ఇంకా అలాగే ఉంది, పంపలేదు.